ఇండియన్ ఓపెన్ స్నూకర్: హైదరాబాద్‌కీ విశాఖకీ వచ్చిన ర్యాంకింగ్ టోర్నీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రపంచ స్థాయి ప్రొఫెషనల్ స్నూకర్ రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒక్కోసారి వచ్చి వెళ్ళింది. ఆ సంగతి స్నూకర్ ఆడేవాళ్ళలోనే చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళకు కూడా ర్యాంకింగ్ అంటే ఏమిటి, పాయింట్లు ఎలా వస్తాయి, మన వాళ్ళు ఎందుకు గెలవలేదు అనే సందేహాలు ఉంటాయి. ఎక్కువగా వినిపించే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

ఇండియన్ ఓపెన్ అంటే నేషనల్ ఛాంపియన్‌షిప్ లాంటిదా?

కాదు. నేషనల్స్‌లో మన దేశపు ఆటగాళ్ళే ఆడతారు. ఇండియన్ ఓపెన్ ప్రొఫెషనల్ టూర్‌లో భాగం. ఇంగ్లండ్, స్కాట్లాండ్, చైనా, థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా, ఇలా ఎక్కడివాళ్ళైనా టూర్‌లో ఉంటే చాలు, ఎంట్రీ ఇవ్వొచ్చు. పేరులో ఇండియా ఉన్నది టోర్నీ ఇక్కడ జరిగింది కాబట్టే.

ఎక్కడెక్కడ జరిగింది? ఎవరు గెలిచారు?

మొత్తం అయిదుసార్లు, అయిదు వేర్వేరు ఊళ్ళలో జరిగింది.

2013 అక్టోబర్‌లో న్యూఢిల్లీలో మొదలైంది. చైనా స్టార్ డింగ్ జున్‌హుయ్ ఫైనల్లో మన ఆదిత్య మెహతాను 5-0తో ఓడించాడు. 2015 మార్చిలో ముంబైలో వేల్స్ కుర్రాడు మైకేల్ వైట్, రికీ వాల్డెన్ మీద అదే 5-0తో నెగ్గాడు. 2016 జులైలో హైదరాబాద్ వంతు వచ్చింది. హెచ్‌ఐసీసీలో జరిగిన ఆ ఫైనల్లో స్కాట్లాండ్‌కు చెందిన ఆంథొనీ మెక్‌గిల్ 5-2తో కైరెన్ విల్సన్‌ను ఓడించాడు. 2017 సెప్టెంబర్‌లో విశాఖపట్నం నోవాటెల్‌లో జాన్ హిగిన్స్ 5-1తో మెక్‌గిల్‌ను ఓడించాడు. చివరిది 2019లో కొచ్చిలో జరిగింది. ఫిబ్రవరి నెలాఖరులో మొదలై మార్చి 3న ముగిసిన ఆ టోర్నీలో ఇంగ్లండ్ ఆటగాడు మాథ్యూ సెల్ట్ 5-3తో చైనా కుర్రాడు ల్యూ హావోతియన్‌ను ఓడించాడు.

మ్యాచ్‌లో ఒక్కో ఆటను ఫ్రేమ్ అంటారు. అయిదు ఫైనల్స్‌లో ఒక్కటి కూడా ఆఖరి ఫ్రేమ్ దాకా వెళ్ళలేదు. ఫైనల్ టికెట్ కొన్నవాళ్ళకు ఇది కాస్త నిరాశే.

ర్యాంకింగ్ టోర్నీకీ మామూలు ప్రొఫెషనల్ టోర్నీకీ తేడా ఏమిటి?

ర్యాంకింగ్ టోర్నీలో గెలుచుకున్న డబ్బు ప్రపంచ ర్యాంకుల లెక్కలో కలుస్తుంది. ఆహ్వానం మీద ఆడే టోర్నీల్లో ఎంత గెలిచినా అది జేబులోకే గానీ ర్యాంకులోకి రాదు. అన్నిటికంటే పేరున్న మాస్టర్స్ కూడా ర్యాంకింగ్ టోర్నీ కాదు. అది మొదటి 16 ర్యాంకుల వాళ్ళకు మాత్రమే. ఛాంపియన్ ఆఫ్ ఛాంపియన్స్ కూడా ఈ కోవలోదే.

ర్యాంకింగ్ ముద్ర పడాలంటే టోర్నీ గంభీరంగా ఉండాలనేమీ లేదు. షూట్ ఔట్ అని ఒకటుంది. ఒక్కటే ఫ్రేమ్, పది నిమిషాల గడియారం, ప్రతి షాట్‌కూ టైమ్ లిమిట్. 2017 నుంచి అది కూడా ర్యాంకింగ్ టోర్నీయే. నాకైతే అది సరదాకి చూసేదే తప్ప ర్యాంకుతో ముడిపెట్టాల్సింది కాదనిపిస్తుంది.

ర్యాంకు ఎలా లెక్కేస్తారు?

2014-15 సీజన్ నుంచి లెక్క చాలా తేలిక. ఒక పౌండ్ గెలిస్తే ఒక పాయింట్. అంతకుముందు ప్రతి టోర్నీకీ వేరే పాయింట్ల పట్టిక ఉండేది.

గత రెండేళ్ళలో ర్యాంకింగ్ టోర్నీల్లో గెలిచిన డబ్బంతా కలిపితే వచ్చేది మీ ర్యాంకు. రెండేళ్ళు దాటిన డబ్బు లెక్కలోంచి జారిపోతుంది. విశాఖలో హిగిన్స్‌కు వచ్చిన 50,000 పాయింట్లు 2019లో పోయాయి. సెల్ట్ కొచ్చిలో సంపాదించినవి 2021లో పోయాయి. అందుకే ఒక టైటిల్ కొట్టి రెండేళ్ళు కునుకు తీస్తానంటే కుదరదు. పాయింట్లు పోయే రోజు దగ్గరపడుతుంటే ఆటగాళ్ళకు టెన్షన్ మొదలవుతుంది. బాగానే ఆడుతున్న మనిషి కూడా ఒక్కసారిగా పది స్థానాలు కిందికి పడటం స్నూకర్‌లో మామూలే.

మొదట్లో ఇలా ఉండేది కాదు. 1976లో ర్యాంకులు మొదలైనప్పుడు ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫలితాలనే లెక్కలోకి తీసుకునేవారు. దాని తర్వాత ర్యాంకింగ్ హోదా వచ్చిన మొదటి టోర్నీ 1982లో టోనీ నోల్స్ గెలిచిన జేమ్సన్ ఇంటర్నేషనల్ ఓపెన్.

ర్యాంకు ఎందుకంత ముఖ్యం?

మొదటి 16లో ఉంటే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు, అంటే షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌కు నేరుగా వెళ్తారు. మాస్టర్స్‌కూ పిలుపు వస్తుంది. మొదటి 64లో ఉంటే టూర్ కార్డు, అంటే ప్రొఫెషనల్ టూర్‌లో ఆడే హక్కు, నిలుస్తుంది. 64 దాటితే ఉద్యోగం పోయినట్టే. సీజన్ చివర్లో 60 నుంచి 70వ ర్యాంకు మధ్య ఉన్నవాళ్ళ మ్యాచ్‌లు చూడండి. టీవీలో వచ్చే ఫైనల్స్‌లో కూడా అంత ఒత్తిడి కనిపించదు.

50,000 పౌండ్లంటే ఇండియన్ ఓపెన్ పెద్ద టోర్నీయేనా?

మన లెక్కలో పెద్ద మొత్తమే. అప్పటి మారకంలో 40 లక్షల రూపాయలకు పైనే. కానీ ప్రపంచ ఛాంపియన్‌కు వచ్చేది 5,00,000 పౌండ్లు, అంటే సరిగ్గా పది రెట్లు. ర్యాంకు పౌండ్లతోనే నడుస్తుంది కాబట్టి షెఫీల్డ్‌లో ఒక్క టైటిల్ పది ఇండియన్ ఓపెన్‌లతో సమానం. టూర్‌లో దీనిది మధ్యస్థం కంటే కాస్త తక్కువ స్థానం అనుకోవచ్చు.

అయినా దీని గురించి ఇంత చెప్పుకోవడం దేనికి?

విజేతల జాబితా ఇంకోసారి చూడండి. అయిదుగురిలో ముగ్గురికి, అంటే వైట్, మెక్‌గిల్, సెల్ట్‌లకు, కెరీర్‌లో మొదటి ర్యాంకింగ్ టైటిల్ మన గడ్డ మీదే దక్కింది. సెల్ట్ 2002లో ప్రొఫెషనల్ అయ్యాడు. తొలి టైటిల్ కోసం కొచ్చి దాకా, పదిహేనేళ్ళకు పైగా ఆగాల్సి వచ్చింది.

ఇది ఏదో యాదృచ్ఛికం అని నేను అనుకోను. దీనికి టోర్నీ తీరే కారణం. ఇక్కడ మ్యాచ్‌లు బెస్ట్ ఆఫ్ 7, అంటే ముందుగా నాలుగు ఫ్రేములు గెలిచినవాడిదే మ్యాచ్. ఫైనల్ మాత్రం బెస్ట్ ఆఫ్ 9. అదే క్రూసిబుల్‌లో మొదటి రౌండే బెస్ట్ ఆఫ్ 19, ఫైనల్ బెస్ట్ ఆఫ్ 35. మ్యాచ్ పొడుగైతే గొప్ప ఆటగాడు మొదట తడబడినా కోలుకుంటాడు. నాలుగు ఫ్రేములకే అయిపోతే అతను కుర్చీలోంచి లేచేలోపే స్కోరు 0-3 అయి కూర్చుంటుంది.

దూరం ఇంకో కారణం. టూర్‌లో ఎక్కువమంది బ్రిటన్‌లో ఉంటారు. ప్రైజ్ మనీ, ప్రయాణం, అలసట లెక్కేసుకుని పెద్ద పేర్లలో కొందరు ఇలాంటి టోర్నీలు వదిలేస్తుంటారు. వచ్చినవాళ్ళకు దారి కాస్త ఖాళీగా దొరుకుతుంది. పైగా అయిదు రోజుల్లో ఆరు మ్యాచ్‌లు నెగ్గాలి. అంటే ఏదో ఒక రోజు రెండేసి మ్యాచ్‌లు తప్పవు. ఆ హడావిడిలో కుదురుగా ఉన్నవాడు గెలుస్తాడు.

అలాగని ఇక్కడ గెలిచింది గాలివాటం అనడానికి లేదు. హైదరాబాద్ ఛాంపియన్ మెక్‌గిల్ మరుసటి ఏడాది విశాఖలో మళ్ళీ ఫైనల్ దాకా వచ్చాడు. హైదరాబాద్‌లో ఓడిన కైరెన్ విల్సన్ 2024లో ఏకంగా ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2016లో హెచ్‌ఐసీసీలో కూర్చుని ఫైనల్ చూసినవాళ్ళు ఒక భావి ప్రపంచ ఛాంపియన్‌ను దగ్గర నుంచి చూశారన్నమాట.

విశాఖలో గెలిచిన జాన్ హిగిన్స్ అంత గొప్పవాడా?

అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్: 1998, 2007, 2009, 2011. విశాఖ టైటిల్ అతనికి 29వ ర్యాంకింగ్ టైటిల్. రోనీ ఒసల్లివన్, స్టీఫెన్ హెండ్రీ, హిగిన్స్ అని వరసగా చెప్పే స్థాయి మనిషి. రోనీలా మెరుపులు ఉండవు. కానీ టేబుల్ మీద బంతులు చిక్కుపడి, ఎటు కొట్టినా ప్రమాదమే అన్నప్పుడు హిగిన్స్ ఆలోచించే తీరు చూడటమే ఒక పాఠం. ఫైనలిస్టులు ఇద్దరూ స్కాట్లాండ్ వాళ్ళే కావడం విశాఖ ఫైనల్లో ఇంకో విశేషం.

టోర్నీకి 128 మందీ ఇండియాకు వచ్చారా?

లేదు. టూర్‌లో సుమారు 128 మంది ఉంటారు. మొదటి రౌండ్ చాలావరకు ముందే ఇంగ్లండ్‌లో ఆడించేస్తారు. దాన్నే క్వాలిఫయింగ్ అంటారు. అందులో నెగ్గిన 64 మందే ఇక్కడికి వస్తారు. డిఫెండింగ్ ఛాంపియన్, స్థానిక ఆటగాళ్ళు లాంటి కొందరి మొదటి మ్యాచ్‌లను మాత్రం ఆపి ఉంచి, అసలు వేదికలోనే ఆడించడం ఉంది. ఆతిథ్య దేశం వాళ్ళు ఇంగ్లండ్‌లోనే ఓడిపోయి ఇంటికొస్తే ఇక్కడ టికెట్ ఎవరు కొంటారు?

మొదటి రౌండ్‌లో ఓడితే ఎంత వస్తుంది?

ఇండియన్ ఓపెన్ జరిగిన రోజుల్లో క్వాలిఫయింగ్‌లో ఓడితే సున్నా. ప్రయాణం, హోటల్, ప్రాక్టీస్ ఖర్చులన్నీ సొంతం. టీవీలో వెయిస్ట్‌కోటు, బో టై చూసి అందరూ కోటీశ్వరులనుకుంటాం గానీ, 80వ ర్యాంకు ఆటగాడి ఇంటి లెక్కలు వేరు. 2022-23 సీజన్ నుంచి సీజన్‌కు కనీసం 20,000 పౌండ్లు దక్కేలా హామీ పెట్టారు. అదీ ముందు ఇచ్చి తర్వాత వచ్చే ప్రైజ్ మనీలోంచి మినహాయించుకునే పద్ధతిలో.

మన భారతీయులు ఎంతవరకు వెళ్ళారు?

2013 ఢిల్లీయే మనకు శిఖరం. ముంబై ఆటగాడు ఆదిత్య మెహతా సెమీఫైనల్లో స్టీఫెన్ మగ్వైర్‌ను 4-3తో ఓడించి ఫైనల్‌కు వెళ్ళాడు. ర్యాంకింగ్ ఫైనల్ ఆడిన మొదటి భారతీయుడు అతనే. అక్కడ ఎదురైన డింగ్ ఆ సీజన్‌లో మామూలు ఫామ్‌లో లేడు. షాంఘై మాస్టర్స్, ఇండియన్ ఓపెన్, ఇంటర్నేషనల్ ఛాంపియన్‌షిప్ వరసగా మూడూ కొట్టాడు. సీజన్ ముగిసేసరికి అయిదు ర్యాంకింగ్ టైటిళ్ళు అతని ఖాతాలో ఉన్నాయి. కాబట్టి 0-5 స్కోరు చూసి ఆదిత్యను తక్కువ చేయకూడదు. 2014లో ప్రొఫెషనల్ టోర్నీలో 147 (ఒకే టర్న్‌లో టేబుల్ మొత్తం ఖాళీ చేస్తే వచ్చే పూర్తి స్కోరు) కొట్టిన తొలి భారతీయుడు కూడా అతనే.

పంకజ్ అద్వానీ పేరు అందరికీ తెలుసు. బిలియర్డ్స్, అమెచ్యూర్ స్నూకర్లలో లెక్కలేనన్ని ప్రపంచ టైటిళ్ళు ఉన్నాయి. ప్రొఫెషనల్ టూర్‌లో మాత్రం రెండు సీజన్లే ఆడాడు. 2013 వెల్ష్ ఓపెన్‌లో క్వార్టర్ ఫైనల్‌కు వెళ్ళి, ర్యాంకింగ్ టోర్నీలో అంత దూరం వెళ్ళిన తొలి భారతీయుడయ్యాడు. ఇప్పటి తరంలో ఇష్‌ప్రీత్ సింగ్ చద్దా ఉన్నాడు. 2024 ఇంగ్లిష్ ఓపెన్‌లో సెమీఫైనల్ ఆడాడు.

స్నూకర్ ఇండియాలోనే పుట్టిందంటారు, నిజమేనా?

నిజమే. 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ ఆర్మీ మెస్‌లో నెవిల్ చాంబర్లిన్ అనే కుర్ర ఆఫీసర్ అప్పటికే ఉన్న బిలియర్డ్స్ ఆటలకు రంగు బంతులు కలిపి దీన్ని తయారుచేశాడు. తర్వాత ప్రధాని అయిన చాంబర్లిన్ వేరు, ఈయన వేరు. 1882లో ఊటీ క్లబ్‌లో నియమాలు రాసి పెట్టారు. అక్కడి బిలియర్డ్స్ రూమ్ ఈ కథ వల్లే ప్రసిద్ధి. పుట్టిన దేశంలో మొదటి ర్యాంకింగ్ టోర్నీ జరగడానికి మాత్రం 138 ఏళ్ళు పట్టింది.

నాకు పూల్ తెలుసు, స్నూకర్ తెలియదు. చూసి అర్థం చేసుకోవాలంటే ఎంత తెలియాలి?

చాలా కొద్దిగా. 15 ఎర్ర బంతులు, ఒక్కోటి 1 పాయింట్. ఆరు రంగు బంతులు: పసుపు 2, ఆకుపచ్చ 3, బ్రౌన్ 4, నీలం 5, పింక్ 6, నలుపు 7. ఒక రెడ్, తర్వాత ఒక కలర్, మళ్ళీ రెడ్, ఇలా వెయ్యాలి. రెడ్‌లు ఉన్నంతసేపూ కలర్ పాకెట్‌లో పడినా తీసి మళ్ళీ దాని చోట పెడతారు. రెడ్‌లు అయిపోయాక కలర్లను తక్కువ పాయింట్ల నుంచి ఎక్కువకు వరసగా వేస్తారు. ఒక్క టర్న్‌లో కొట్టిన మొత్తం బ్రేక్. ప్రతి రెడ్‌కూ బ్లాక్ వేసి టేబుల్ మొత్తం ఖాళీ చేస్తే 147.

ఫ్రేమ్ ఇంకా మిగిలుండగానే చేతులు కలిపి వెళ్ళిపోతారెందుకు?

మిగిలిన బంతులన్నీ వేసినా గెలవలేమని తేలిపోతే ఫ్రేమ్ వదిలేస్తారు. రెడ్‌లు అయిపోయి ఆరు కలర్లు మిగిలితే టేబుల్ మీద ఉన్నది 27 పాయింట్లు. ఒక రెడ్ కూడా మిగిలితే దానికి ఇంకో 8 కలిపి 35. మీరు 36 వెనకబడితే మామూలుగా గెలవలేరు. కొట్టాల్సిన బంతిని వేరే బంతి చాటున పెట్టి, అవతలివాడితో ఫౌల్ చేయించి కనీసం 4 పాయింట్లు లాగాలి. దాన్నే స్నూకర్ కావాలి అంటారు. ఒక స్నూకర్ కావాల్సి వస్తే ఆడతారు, రెండైనా కొందరు ఆడతారు, నాలుగు కావాలంటే చెయ్యి చాపేస్తారు. స్కోర్‌బోర్డు చూస్తూ ఈ లెక్క వేసుకోవడం వస్తే ఆట సగం అర్థమైనట్టే.

ఫౌల్ అయ్యాక రిఫరీ బంతులను వెనక్కి పెట్టి మళ్ళీ అదే షాట్ ఆడిస్తాడేం?

అది మిస్ రూల్. తగలాల్సిన బంతికి తగలకపోతే ఫౌల్. గట్టిగా ప్రయత్నించలేదని రిఫరీకి అనిపిస్తే మిస్ కూడా ప్రకటిస్తాడు. అప్పుడు అవతలివాడు అడిగితే బంతులు పాత చోటికి వస్తాయి, షాట్ మళ్ళీ ఆడాలి. ప్రతిసారీ పాయింట్లు పోతూనే ఉంటాయి. బంతి నిండుగా కనిపిస్తున్నా వరసగా మూడుసార్లు మిస్ అయితే ఫ్రేమ్ పోయినట్టే. కొత్తగా చూసేవాళ్ళకు విసుగొచ్చేది ఇక్కడే, ఆటగాళ్ళకు చెమట పట్టేదీ ఇక్కడే.

విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్ళో ఆ టేబుల్ ఎలా ఆడుతుంది?

మంచి ప్రశ్న. టేబుల్ మీద గుడ్డ ఉన్ని. తేమ పీల్చుకుంటే బంతి బరువుగా దొర్లుతుంది, కుషన్లు వేరేలా తోస్తాయి. అందుకే ప్రొఫెషనల్ టేబుళ్ళలో రాతి పలకల కింద హీటర్లు ఉంటాయి. గుడ్డ ఎప్పుడూ పొడిగా, వెచ్చగా ఉంటుంది. బంతి చురుగ్గా పరిగెడుతుంది. బయట సముద్రపు గాలి, లోపల ఏసీ, కింద హీటర్. వీటి మధ్య టేబుల్ రోజంతా ఒకేలా ఆడేలా చూడటం టేబుల్ ఫిట్టర్ల పని. వాళ్ళ పేర్లు ఏ వార్తలోనూ రావు.

మన పార్లర్ టేబుల్‌కూ దానికీ తేడా ఎంత?

కొలత ఒకటే, 12 అడుగులకు 6. తేడా వేగంలోనూ పాకెట్లలోనూ ఉంది. టూర్ టేబుళ్ళ పాకెట్లు కొలత అచ్చు పెట్టి చూసి కోసినవి. పార్లర్‌లో మూలకు తగిలి దొర్లుకుంటూ పడిపోయే బంతి అక్కడ నోట్లో కొట్టుకుని బయటికొస్తుంది. పార్లర్‌లో 50 బ్రేక్ కొట్టేవాడు అక్కడ మొదటి గంటలో 20 దాటడం కష్టం. ఓడినవాడు టేబుల్ డబ్బులు కట్టాలన్న రూల్ మాత్రం అక్కడ లేదు.

చూడటానికి వెళ్తే ఏం గుర్తుంచుకోవాలి?

ఫోన్ సైలెంట్ కాదు, స్విచాఫ్. ఆటగాడు షాట్‌కు వంగితే కదలకండి. మీరు అతని కంటికి ఎదురుగా కూర్చుంటే మరీనూ. ఫ్రేముల మధ్యలో మాత్రమే లేవండి. ఫైనల్ కంటే మొదటి రెండు రోజులు వెళ్ళడం మేలు. ఒకే హాల్లో నాలుగైదు టేబుళ్ళ మీద ఆట నడుస్తుంటుంది, పెద్ద ఆటగాళ్ళు చాలా దగ్గరగా కనిపిస్తారు.

ఇక్కడి నుంచి ప్రొఫెషనల్ టూర్‌కు వెళ్ళాలంటే దారి ఏది?

జిల్లా, రాష్ట్ర స్థాయి టోర్నీలు, తర్వాత బిలియర్డ్స్ అండ్ స్నూకర్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నడిపే నేషనల్స్. అక్కడ నిలబడితే ఆసియా, ప్రపంచ అమెచ్యూర్ టోర్నీలకు వెళ్ళొచ్చు. వాటిలో కొన్ని గెలిస్తే టూర్ కార్డు వస్తుంది. ఇంకో దారి క్యూ స్కూల్. ఎంట్రీ ఫీజు కట్టి ఆడే నాకౌట్ టోర్నీలు ఇవి. 2011లో ఇంగ్లండ్‌లో మొదలయ్యాయి. 2022 నుంచి ఆసియా, ఓషియానియా వాళ్ళకు బ్యాంకాక్‌లో విడిగా పెడుతున్నారు. మన వాళ్ళకు వీసా తలనొప్పి, ఖర్చు కొంత తగ్గింది. కార్డు వస్తే రెండేళ్ళు ఉంటుంది. ఆ రెండేళ్ళూ బ్రిటన్‌లో మకాం పెట్టకుండా నెగ్గుకురావడం కష్టం. ప్రతిభ కంటే ముందు డబ్బు అయిపోయి తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ.

ఇండియన్ ఓపెన్ ఎందుకు ఆగిపోయింది? మళ్ళీ వస్తుందా?

2019 కొచ్చి తర్వాత జరగలేదు. ఆ మరుసటి ఏడాదే కోవిడ్ వచ్చి ఆసియా టోర్నీలన్నిటినీ దెబ్బకొట్టింది. చైనా టోర్నీలు తర్వాత తిరిగొచ్చాయి, సౌదీ అరేబియా పెద్ద మొత్తాలతో రంగంలోకి దిగింది. క్యాలెండర్‌లో ఖాళీ వారాలు తగ్గిపోయాయి. నా అంచనా ఏమిటంటే, స్పాన్సర్ దొరకడం కంటే సొంత హీరో దొరకడం ముఖ్యం. చైనాలో 2005లో డింగ్ చైనా ఓపెన్ గెలిచాకే అక్కడ ఆట ఊపందుకుంది. 2025లో జావో షింటాంగ్ ఆ దేశపు తొలి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2013 ఢిల్లీ ఫైనల్లో ఫలితం తారుమారై ఉంటే మన దగ్గరా అలాంటిదేదో మొదలయ్యేదేమో. ఇష్‌ప్రీత్ ఒక ర్యాంకింగ్ ఫైనల్‌కు వెళ్తే ఈ ప్రశ్నకు జవాబు మార్చాల్సి రావచ్చు.